కూలికి కత్తి పట్టినవాళ్ళు: గాల్ నుంచి బందరు దాకా

చల్లపల్లి హైస్కూల్లో పదో తరగతి చదివే కుర్రాడొకడు మూడు ప్రశ్నలు పంపాడు. పూర్వం రోమన్లతో జరిగిన యుద్ధాల్లో గాల్ జాతివాళ్ళు డబ్బు పుచ్చుకుని ఎవరి తరఫునంటే వాళ్ళ తరఫున పోరాడేవాళ్ళని ఎక్కడో చదివాడట. "ఎవరి రాజ్యం కోసమో ప్రాణాలు ఎందుకు పోగొట్టుకునేవాళ్ళండీ? అలాంటివాళ్ళని పెట్టుకున్న రాజులు వాళ్ళని ఎలా నమ్మేవాళ్ళు? మనవైపు కూడా ఇలాంటివాళ్ళు ఉన్నారా?" అని అడిగాడు.

మూడో ప్రశ్నకి జవాబు మీ ఊరికి ముప్పై కిలోమీటర్ల లోపే ఉంది బాబూ, బందరు కోటలో. అక్కడికి వెళ్ళేముందు గాల్ వాళ్ళ సంగతి కొంచెం చూద్దాం.

గాల్ అంటే ఇప్పటి ఫ్రాన్సు, దాని చుట్టుపక్కల కొంత నేల, ఆల్ప్స్ కొండలు దాటి దక్షిణాన ఉత్తర ఇటలీలోని పో నది మైదానం. అక్కడ ఉన్నది ఒక రాజ్యం కాదు, పదుల కొద్దీ తెగలు. రోమ్ మీద పోరాడిన గాల్ వాళ్ళందరూ కూలికి వచ్చినవాళ్ళే అనుకుంటే పొరపాటు. పో మైదానంలో ఉన్న బోయీ, ఇన్సుబ్రెస్ తెగలు తమ పొలాల కోసం పోరాడాయి. రోమ్ వాళ్ళు ఆ పొలాల మధ్యలో తమ జనాన్ని తెచ్చి కాపురం పెట్టిస్తుంటే ఎవరు ఊరుకుంటారు? కూలికి వచ్చినవాళ్ళు వేరే. క్రీ.పూ. 225లో ఈ తెగలే కబురు పెట్టి, బోలెడంత బంగారం ముందుగా చేతిలో పోసి, ఆల్ప్స్ అవతల రోన్ నది వైపు నుంచి రప్పించుకున్న గైసాటేలు అసలైన కిరాయి సైనికులు.

ఆ ఏడాదే ఇటలీలోని టెలమాన్ దగ్గర రెండు రోమన్ సేనల మధ్య వీళ్ళు చిక్కుకుపోయారు. ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. వీపుకి వీపు ఆనించి నిలబడ్డారు. బోయీలు, ఇన్సుబ్రెస్‌లు లాగులూ పై వస్త్రాలూ వేసుకుని ఉంటే, గైసాటేలు మాత్రం బట్టలన్నీ విప్పేసి, మెడలో బంగారు కడియాలతో అందరికంటే ముందు నిలబడ్డారని గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ రాశాడు. ముళ్ళపొదల్లో బట్టలు తగులుకుంటాయని విప్పారట. రోమన్ల ఈటెలు వాన కురిసినట్టు వచ్చి పడ్డాయి. గాల్ డాలు ఒంటికి చాలినంత వెడల్పు ఉండదు, ఒంటిమీద నూలుపోగు లేదు. ఎంత ఆజానుబాహుడైతే అంత పెద్ద గురి. కొందరు పిచ్చికోపంతో ముందుకి దూకి చచ్చిపోయారు, కొందరు వెనక్కి తగ్గి తమవాళ్ళ వరుసల్నే చెదరగొట్టారు. కిరాయికి వచ్చిన వీరుడు తన ధైర్యాన్ని అందరికీ కనపడేలా చూపించుకోవాలి మరి. మళ్ళీ పిలుపు రావాలంటే పేరు కావాలి.

"ఎందుకు?" అన్న నీ మొదటి ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది. గాల్ సమాజంలో నాయకుడి గొప్పతనం వెంట ఎంతమంది కుర్రాళ్ళు నడుస్తారన్న దాన్ని బట్టి ఉండేది. వాళ్ళని నిలుపుకోవాలంటే విందులు పెట్టాలి, కానుకలివ్వాలి. అందుకు దోపిడి కావాలి, లేకపోతే ఎవరైనా రాజు ఇచ్చే బంగారం కావాలి. గాల్ వాళ్ళు తొలిరోజుల్లో కొట్టిన బంగారు నాణేలు చూస్తే, వాటిలో చాలావాటి మీద మాసిడోనియా రాజు ఫిలిప్ నాణేల బొమ్మలకే నకళ్ళు కనిపిస్తాయి. కూలికి వెళ్ళినవాళ్ళు ఇంటికి తెచ్చుకున్న నాణెం ఎలా ఉందో, ఇక్కడా అలాగే పోత పోసుకున్నారని చాలామంది చరిత్రకారుల ఊహ.

ఇక నమ్మకం సంగతి. పాలీబియస్ ఒక గాల్ గుంపు కథ చెబుతాడు, వింటే నవ్వొస్తుంది. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ వాళ్ళు రోమ్‌తో చేసిన మొదటి యుద్ధంలో మూడు వేల పైచిలుకు గాల్ వాళ్ళని సిసిలీలోని అగ్రిజెంటమ్ పట్నానికి కాపలా పెట్టారు. జీతం దగ్గర సేనాధిపతులతో పేచీ వచ్చి, కాపలా కాయాల్సిన పట్నాన్నే వాళ్ళు దోచారు. తర్వాత ఎరిక్స్ అనే ఊళ్ళో పెడితే, దాన్ని రోమన్లకి పట్టివ్వబోయారు. అది కుదరక రోమన్ల వైపు దూకేశారు. రోమన్లు వాళ్ళని వీనస్ దేవత గుడికి కాపలా పెడితే, ఆ గుడిని దోచారు. యుద్ధం ముగియగానే రోమన్లు చేసిన మొదటి పని, వాళ్ళ ఆయుధాలు ఊడలాక్కుని ఓడలెక్కించి పంపెయ్యడం. ఇంత జరిగాక ఎపిరస్ వాళ్ళు ఆ గుంపులో మిగిలిన ఎనిమిది వందల మందిని పిలిచి తమ ఫీనికే పట్నానికి కాపలా పెట్టుకున్నారు. ఆ పట్నం ఏమై ఉంటుందో నువ్వే చెప్పగలవు. ఇల్లీరియా వాళ్ళ పడవలు రేవులో ఆగగానే వాళ్ళతో కుమ్మక్కై అప్పజెప్పేశారు.

అయితే ఈ కథ చెప్పిన పాలీబియస్ రోమ్ పెద్దల ప్రాపకంలో బతికినవాడు. గాల్ వాళ్ళ వైపు నుంచి రాసిపెట్టిన కాగితం ముక్క లేదు. పేచీ మొదలైంది జీతం దగ్గర అని ఆయనే ఒప్పుకున్నాడు కాబట్టి, నేను ఆ ఒక్క మాట పట్టుకుని మిగిలిన కథ చదువుతాను. క్రీ.పూ. 241లో కార్తేజ్ ఓడిపోయి, రోమ్‌కి కట్టాల్సిన పరిహారం నెత్తిన పడ్డప్పుడు, సిసిలీ నుంచి తిరిగొచ్చిన కిరాయి సేనకి బాకీ జీతాలు ఇవ్వకుండా బేరాలకి దిగింది. ఆ సేన తిరగబడింది. ఆ తిరుగుబాటు నాయకుల్లో ఆటరిటస్ అనే గాల్ వాడు ఒకడు. రోమ్‌తో ఇరవై మూడేళ్ళు పోరాడి బతికి బట్టకట్టిన కార్తేజ్, సొంత జీతగాళ్ళతో మూడేళ్ళ పైన పోరాడి చావు తప్పించుకుంది.

కార్తేజ్ సేనాని హానిబల్ గాల్ వాళ్ళని వాడుకున్న పద్ధతి ఇంకో సంగతి చెబుతుంది. క్రీ.పూ. 216లో కానే యుద్ధంలో, ముందుకి ఉబ్బినట్టున్న నడిమి వరుసలో గాల్ వాళ్ళనీ స్పెయిన్ వాళ్ళనీ నిలిపాడు. రోమన్ల మొదటి దెబ్బ పడేది అక్కడే. ఆ దెబ్బ తింటూ మెల్లగా వెనక్కి జరగడం వాళ్ళ పని. చుట్టుముట్టి గెలవడం పక్కన నిలబడిన ఆఫ్రికా దళాల పని. పాలీబియస్ లెక్క ప్రకారం ఆ రోజు హానిబల్ వైపు గాల్ వాళ్ళు 4,000 మంది పోయారు, స్పెయిన్ వాళ్ళూ ఆఫ్రికా వాళ్ళూ కలిసి 1,500 మంది. ఎవరి ప్రాణం ఎంత చవకో ఆ లెక్కలోనే ఉంది.

రోమ్ అంటే మనకి మరీ దూరమేం కాదు. మీ పక్కనే ఉన్న ఘంటసాలని పూర్వపు భూగోళ రచయిత టాలెమీ చెప్పిన కంటకొస్సుల రేవుగా పండితులు గుర్తించారు. వినుకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఆ రోజుల్లో ఆ బంగారం సరుకు కోసం వచ్చింది. పదిహేను వందల ఏళ్ళు దాటాక, పూర్వపు గాల్ దేశం నుంచే, అంటే ఫ్రాన్సు నుంచే, ఓడలు మన తీరానికి వచ్చాయి. సరుకుతో మొదలుపెట్టి మనుషుల దగ్గరికి వచ్చారు. ఒకప్పుడు ఇతరుల కోసం కత్తి పట్టిన నేల నుంచి వచ్చినవాళ్ళు, ఇక్కడ మనవాళ్ళ చేత కూలికి తుపాకి పట్టించారు.

ఫ్రెంచివాళ్ళు బందరు పట్టుకున్నది 1750లో. ఆ మరుసటి ఏడాది బుస్సీ అనే సేనాని ముజఫర్ జంగ్‌ని నిజాం గద్దె మీద నిలబెట్టడానికి దక్కనుకి బయల్దేరాడు, దారిలో అతను చనిపోతే సలాబత్ జంగ్ ని గద్దెనెక్కించాడు. వెంట ఉన్న తెల్లవాళ్ళు మూడు వందల మంది, సిపాయిలు సుమారు రెండు వేలు. ఆ నిష్పత్తి మనసులో పెట్టుకో. 'ఫ్రెంచి సైన్యం' అని పుస్తకాల్లో రాసేదాంట్లో ఎనిమిది మందిలో ఏడుగురు ఈ దేశం వాళ్ళే. ఇంగ్లీషువాళ్ళ సంగతీ అంతే.

ఈ సిపాయిలెవరు? ముస్లిములున్నారు, రకరకాల తెలుగు కులాలవాళ్ళున్నారు, ఉత్తరాది నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ దిగివచ్చినవాళ్ళున్నారు. కుర్రవాడు ఊరొదిలి పటాలంలో చేరడానికి కారణాలు వెతకడం కష్టం కాదు. జమీందార్ల దగ్గరా పాలెగాళ్ళ దగ్గరా బంట్లుగా ఉన్నవాళ్ళకి జీతం అంటే ఇంత మాన్యం, లేదా పంటలో ఇంత గింజ, అదీ దొర దయతలిస్తే. పైనుంచి నవాబుల పన్నులు, మరాఠా దళాల దాడులు, నడుమ కరువులు. దొర ఓడిపోతే మాన్యమూ పోతుంది. తెల్లవాళ్ళ వర్తక కంపెనీవాడు ఇచ్చేది నెలజీతం, రొక్కం. ఊరుదాటి నడిస్తే పైన బత్తెం. తిండికీ తుపాకికీ ఢోకా లేదు. జీతం పెద్దదేమీ కాదు, 1857 నాటికి కూడా సిపాయి మూలజీతం నెలకి ఏడు రూపాయలే. నెల తిరిగేసరికి చేతికొస్తుందన్న భరోసాయే దాని బలం.

ఎలా తయారు చేశారంటే, కవాతుతో. గుర్రపు రౌతుల కాలంలో ఒక్కొక్కడి శౌర్యం లెక్క. ఈ కొత్త పద్ధతిలో వరుస చెదరకుండా నిలబడి, చెప్పినప్పుడే కాల్చి, మళ్ళీ మందు కూరి, మళ్ళీ కాల్చడం లెక్క. టెలమాన్‌లో బట్టలు విప్పి ముందుకి దూకిన గైసాటేకి ఇది పూర్తిగా ఎదురు విద్య. పదివేల గుర్రాల దళం ముందు రెండువేల మంది నిలబడగలరని దక్కను నవాబులకి తెలిసొచ్చాక, ప్రతివాడికీ అలాంటి పటాలం కావాల్సొచ్చింది. అయితే దాన్ని నెలనెలా మేపాలి. నవాబుల ఖజానా నెలనెలా తెరిచేది కాదు.

1753లో బుస్సీ జబ్బుచేసి బందరులో పడుకుని ఉంటే, హైదరాబాదులో అతని సేనకి జీతాలు ఆగిపోయాయి. నిజాం దివాను సయ్యద్ లష్కర్ ఖాన్ కావాలనే ఆపాడు. జీతం లేకపోతే సేన దానంతటదే చెదిరిపోతుందని అతని ఎత్తు. బుస్సీ లేచి వచ్చి, అప్పో సప్పో చేసి, చివరికి ఔరంగాబాదులో సలాబత్ జంగ్ చేత ఒక కాగితం రాయించుకున్నాడు. కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోలు సర్కార్ల ఆదాయం ఫ్రెంచి సేన ఖర్చుకి రాసిచ్చాడు. బందరు సీమ అప్పటికే వాళ్ళ చేతుల్లో ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల మీద పరాయి అధికారం ఎలా వచ్చిందని అడిగితే, నా దృష్టిలో అసలు జవాబు ఇదే: సిపాయిల జీతం పద్దు కింద వచ్చింది. మన రైతు కట్టిన శిస్తుతో, మన కుర్రాడికి జీతమిచ్చి, వాడి చేతే ఆ శిస్తు వసూలు చేయించారు.

1757 జనవరిలో బుస్సీ సేన అండతో బొబ్బిలి కోటని నేలమట్టం చేయించిన విజయనగరం రాజు విజయరామరాజు, ఆ తర్వాత కొద్దిరోజులకే తన గుడారంలో తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాడు. తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజుకి ఫ్రెంచివాళ్ళంటే పడలేదు. 1758లో విశాఖపట్నం ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి లాక్కుని, రమ్మని ఇంగ్లీషువాళ్ళకి కబురంపాడు. కలకత్తా నుంచి కర్నల్ ఫోర్డ్ ఐదువందల మంది తెల్లవాళ్ళతో, రెండువేల మంది సిపాయిలతో ఓడలెక్కి వచ్చాడు. ఒప్పందం ప్రకారం సేన ఖర్చుకి నెలకి 50,000 రూపాయలు ఆనందరాజు ఇవ్వాలి.

డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫోర్డ్ సేన, కాన్‌ఫ్లాన్స్ నడిపించిన ఫ్రెంచి సేన ఎదురుపడ్డాయి. ఇక్కడ ఒక చిత్రం జరిగింది. ఫోర్డ్ సిపాయిలు ఎర్రకోట్లు వేసుకున్నారు. దక్షిణాన అప్పటికి సిపాయిలకి ఎర్రకోటు అలవాటు లేదు. ఎర్రగా కనపడినవాళ్ళు ఇంగ్లీషువాళ్ళే అనుకుని ఫ్రెంచివాళ్ళు తమ బలమంతా సిపాయిల మీదకి తోలారు. అసలు ఇంగ్లీషు పటాలం ఎత్తుగా పెరిగిన పంటచేను చాటున ఉంది. సిపాయిలు తగ్గారు, ఫ్రెంచివాళ్ళు వరుస చెదిరి తరిమారు, చేను చాటు నుంచి పక్కపాటున కాల్పులు మొదలయ్యాయి. కానేలో గాల్ వాళ్ళు తిన్నట్టే ఇక్కడా మొదటి దెబ్బ కూలివాళ్ళు తిన్నారు. కాకపోతే హానిబల్ కావాలని చేసింది, ఇక్కడ కోటు రంగు చేసింది.

గెలిచిన ఫోర్డ్ వెంటనే బందరు మీదకి రావాలి కదా? రాలేకపోయాడు. డబ్బు లేదు. రాజమండ్రి చేతికి రాగానే ఇస్తానన్న ఆనందరాజు, వచ్చాక ఇదిగో అదిగో అన్నాడు. జనవరి నెలాఖరు దాకా సేన ఆగిపోయింది. ఎలాగో కదిలి మార్చి మొదటివారంలో బందరు చేరేసరికి, ఫోర్డ్ తన కింది అధికారుల దగ్గర అప్పులు తీసుకోవడమే కాక, సైనికులకి పంచాల్సిన దోపిడి వాటా కూడా ఖర్చు పెట్టేశాడు. అప్పుడు తిరగబడింది ఎవరనుకున్నావ్? సిపాయిలు కాదు, తెల్లవాళ్ళు. తుపాకులు పట్టుకుని బయటికొచ్చి, బాకీ వాటా ఇస్తావా, ఈ కోట పడితే సొమ్మంతా మాకే అంటావా, లేకపోతే మా దారి మేం చూసుకుంటాం అన్నారు. కంపెనీ నియమం ప్రకారం సగం కంపెనీది. ఆ సగం కూడా మీకే ఇవ్వమని కంపెనీని అడుగుతానని మాటిచ్చి వాళ్ళని మళ్ళీ వరుసలో నిలబెట్టాడు. కూలికి పోరాడడమన్నది తెలుగువాడి గుణమో గాల్ వాడి గుణమో అనుకునేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఈలోగా సలాబత్ జంగ్ పెద్ద సేనతో బెజవాడ దాకా వచ్చాడు. ఆ వార్త విని ఆనందరాజు రాత్రికి రాత్రి మూటాముల్లె సర్దుకుని ఇంటిదారి పట్టాడు. దారిలో నిజాం గుర్రాలు నిన్ను బతకనిస్తాయా అని ఫోర్డ్ కబురంపితే వెనక్కి వచ్చాడు. కోట చుట్టూ ఉప్పునేల, బురద, పోటు నీరు వచ్చిపోయే పాయలు. పేట నుంచి కోటకి ఒక్కటే గట్టుబాట. లోపల ఉన్నవాళ్ళు బయట ఉన్నవాళ్ళకంటే ఎక్కువ. ఏప్రిల్ 7న మందుగుండు లెక్క చూస్తే రెండు రోజులకి మించి లేదు.

ఆ రాత్రి, పోటు నీరు తగ్గే వేళ చూసుకుని, బురదలో దిగారు. సుమారు 350 మంది తెల్లవాళ్ళు, 1,400 మంది సిపాయిలు. కెప్టెన్ నాక్స్ ఏడువందల మంది సిపాయిల్ని తీసుకుని నైరుతి వైపున అల్లరి మొదలుపెట్టాలి, అసలు దెబ్బ ఇంకోచోట. ఆనందరాజు మనుషులు గట్టుబాట దగ్గర గోల చెయ్యాలి. అసలు దెబ్బలో కెప్టెన్ యార్క్ గోడెక్కి బురుజు తర్వాత బురుజు పడుతూ వెళ్తున్నాడు. మందు నిలవచేసిన చిన్న కొట్టు చూసి ఒక సైనికుడు "మందుపాతర!" అని అరిచాడు. అంతే, వెంట ఉన్న తెల్లవాళ్ళు వెనుదిరిగి పరుగు. యార్క్ పక్కన మిగిలింది ఇద్దరు నల్లని కుర్రాళ్ళు, డోలు వాయించేవాళ్ళు. వాళ్ళు పారిపోలేదు, దరువు ఆపలేదు. యార్క్ వెనక్కి వెళ్ళి మనుషుల్ని కూడదీసుకుని మళ్ళీ వచ్చినప్పుడు రెండు తొడల్లోంచీ గుళ్ళు దూసుకుపోయి కూలాడు. ఆ కుర్రాళ్ళిద్దరూ అతని పక్కనే చచ్చిపోయారు. ఈ సంగతి రాసిన ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు కెప్టెన్ల పేర్లన్నీ రాశాడు, ఆ ఇద్దరి పేర్లు రాయలేదు.

తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. ఐదువందల మంది ఫ్రెంచివాళ్ళూ, సిపాయిలూ ఇతరులూ కలిసి 2,537 మందీ ఖైదీలయ్యారు. పట్టుకున్నవాళ్ళకంటే పట్టుబడినవాళ్ళు ఎక్కువ. ఫ్రెంచివాళ్ళకి సాయం తెచ్చిన ఓడలు కొద్దిరోజులు ఆలస్యంగా వచ్చి చూసి వెళ్ళిపోయాయి. మే 14న సలాబత్ జంగ్ బందరూ, నిజాంపట్నమూ, చుట్టుపక్కల సీమలూ ఇంగ్లీషువాళ్ళకి రాసిచ్చాడు. యార్లగడ్డవారి దేవరకోట జమీ, అంటే మీ చల్లపల్లి సంస్థానం, ఆ తర్వాత కంపెనీ లెక్కల్లోకి వచ్చింది.

మరి ఈ సిపాయిలు ద్రోహులా? నేనలా అనను. ద్రోహం చెయ్యాలంటే ముందు నమ్ముకున్న దేశమొకటి ఉండాలి. 1759లో బందరు కుర్రాడికి ఉన్నది ఊరు, కులం, దొర. ఆ దొరలే ఈ ఏడాది ఫ్రెంచి, వచ్చే ఏడాది ఇంగ్లీషు. విజయనగరంలో విజయరామరాజుకి మిత్రులు ఆనందరాజుకి శత్రువులు కావడానికి రెండేళ్ళు పట్టలేదు. రాజు చేస్తే రాజనీతి, సిపాయి చేస్తే ద్రోహం అనడం నాకు నచ్చదు. అలాగని వాళ్ళని వీరుల జాబితాలో చేర్చమనీ అనను. ఊళ్ళు తగలబెట్టడంలో, శిస్తు కోసం రైతుని కట్టి కొట్టడంలో ఆ చేతులు ఉన్నాయి.

మన తీరం సిపాయిల పేరు దూరందాకా పాకింది. 1756లో ఇంగ్లీషు సేనాని క్లైవ్ మద్రాసు నుంచి బెంగాలుకి సిపాయిల్ని ఓడల్లో తీసుకెళ్ళాడు. ఆ తర్వాత ఉత్తరాదిన కవాతు నేర్చిన సిపాయి ఎవరైనా సరే, వాడు అవధ్ బ్రాహ్మణుడైనా, జనం 'తిలంగా' అనే పిలిచారు. 1857లో ఢిల్లీలో తిరగబడినవాళ్ళని కూడా అక్కడివాళ్ళు ఆ పేరుతోనే రాసుకున్నారు.

నమ్మకం గురించిన నీ రెండో ప్రశ్న మిగిలింది. కంపెనీవాళ్ళు నమ్మలేదు, లెక్కగా ఇచ్చారు. లెక్క తప్పినప్పుడల్లా ఫలితం చూశారు. 1780 అక్టోబరులో మైసూరు హైదరలీ మీదకి ఓడలెక్కి మద్రాసు రమ్మంటే విశాఖపట్నంలో సర్కారు సిపాయిలు తిరగబడి తమ అధికారుల్ని కాల్చారు. చేరినప్పుడు ఓడ ప్రయాణం మాట లేదు.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ హైదరాబాదుది. రేమండ్ అనే ఫ్రెంచివాడు నిజాం అలీఖాన్ కోసం పధ్నాలుగు వేల మంది దాకా కవాతు సేనని తయారుచేశాడు. హైదరాబాదులోని మూసారాంబాగ్ అన్న పేరు ఆయన్ని బట్టి వచ్చిందే. 1798 మార్చిలో ఆయన చనిపోయాడు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం రాసుకున్నాడు: ఫ్రెంచి అధికారుల్ని పంపెయ్యాలి, ఆ సేనని రద్దు చెయ్యాలి. పెద్ద యుద్ధం తప్పదనుకున్నారు. అక్టోబరులో ఇంగ్లీషు పటాలాలు చుట్టుముట్టే సమయానికి, ఆ సిపాయిలే బాకీ జీతాల కోసం తిరగబడి, రేమండ్ తర్వాత వచ్చిన పిరోన్‌నీ మిగిలిన ఫ్రెంచి అధికారుల్నీ నిర్బంధించి కూర్చున్నారు. బాకీ ఇప్పిస్తామని రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ తరఫున మాట రాగానే ఆయుధాలు కింద పెట్టారు. ఒక్క యుద్ధం లేకుండా దక్కనులో ఫ్రెంచి ప్రాబల్యం ముగిసింది. ఆరునెలలు తిరక్కుండానే వాళ్ళలో కొన్ని పటాలాలు ఇంగ్లీషు అధికారుల కింద, నిజాం సేనలో భాగంగా, టిప్పు మీదకి శ్రీరంగపట్నం దారి పట్టాయి.